పదో రోజు ఊతకర్రలు

కుసైర్
14 జూలై 1979, శనివారం

అమ్మాయ్ తహానీ,

నీకూ మీ అమ్మకూ అల్లా చల్లని నీడ ఇవ్వాలి. ఇక్కడ నీడ అనేదే లేదు కనుక మీకన్నా ఉండాలని కోరుకుంటున్నాను. నా ఒంటికేమీ లేదు. ఒళ్ళు మండిపోవడం తప్ప.

నిన్న డ్రైవరు మహ్రూస్ సిమెంటు లారీలో మీ హెడ్డాఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. కాగితమంటే కాగితం కాదు, దుప్పటి. ఎడమపక్క పనుల పేర్లు, పైన తేదీలు, మధ్యలో నల్లటి అడ్డగీతలు. ఏ పని ఏ రోజు మొదలై ఏ రోజు ముగియాలో ఆ గీతలు చెబుతాయట. దాని పేరు చార్టు. మా ఇంజనీరు వగీహ్ దాన్ని గోడకు అంటించి, దానికేసి చూస్తూ టీ తాగాడు. నేను చూశాక టీ తాగలేకపోయాను.

నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. ఈ ఆడపిల్లల బడికి పైఅంతస్తులో పెద్ద హాలు ఉంది. దాని స్లాబ్ ఆగస్టు పన్నెండున పోయాలట. సరే, పోస్తాం. ఆ స్లాబ్ గట్టిపడేదాకా కింద మోసే ఊతకర్రలు ఇరవై రెండున తీసెయ్యాలట. అంటే పది రోజులు! తొమ్మిది మీటర్ల హాలుకి పది రోజులు! నేను ఇరవై ఒక్క రోజులకి ఒక్క పూట ముందు కర్ర కదిపినవాణ్ణి కాదు. ఇక రంజాన్ నెలంతా రోజుకి ఎనిమిది గంటల పని రాశాడు ఆ మహానుభావుడు. ఉపవాసం ఉన్నవాళ్ళు ఆగస్టు ఎండలో గొంతు తడుపుకోకుండా కాంక్రీటు తట్టలు మోస్తారా? ఈ గాడిద ఎప్పుడైనా ఎండలో నిలబడిందా అసలు?

కాగితం మూలన కోడి గీరినట్టు సంతకం ఉంది. వగీహ్‌కీ అర్థం కాలేదు. నువ్వు అదే ఆఫీసులో బొమ్మలు గీసే విభాగంలో ఉన్నావు కదా, కాస్త కనుక్కో. దొరికితే చెవి మెలిపెట్టి, కుసైర్ నుంచి బయ్యూమీ మేస్త్రీ పంపాడని చెప్పు.

ఎలాగూ నేను దాన్ని చూసేది లేదనుకో. ముప్ఫై ఏళ్ళలో ఆఫీసు చార్టు చూసి ఒక్క మేకు కొట్టలేదు. చేపలు చుట్టుకోవడానికి బాగుంటాయి, కాగితం మందం.

మీ అత్తయ్య నఫీసా మోకాలు ఎలా ఉంది? దానికి ఉత్తరం రాస్తే నాలుగు పేజీల తిట్లు తిరిగొస్తాయి. అందుకే నిన్ను అడుగుతున్నాను.

నీ మేనమామ
బయ్యూమీ

---

ఇంబాబా, కైరో
19 జూలై 1979

మావయ్యా,

చెవి మెలిపెట్టమన్నావు కదా, మెలిపెట్టుకున్నాను. ఆ గాడిదను నేనే.

మూడు నెలల కిందటే నన్ను ప్రణాళికా విభాగానికి మార్చారు. చెప్పలేదు. నా పేరుతో మొదటి చార్టు వెళ్ళాక చెప్పి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆశ్చర్యపోయింది నేనే.

పదకొండు మంది మగవాళ్ళున్న గదిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. మా పెద్దాయన రవూఫ్ బే ఏదైనా అడిగితే నన్ను దాటి నా వెనక ఉన్నవాడికేసి చూసి అడుగుతాడు. అలాంటి చోట నాకొక బడి అప్పగించారు. అదీ నువ్వు పనిచేస్తున్న బడి అని తెలిసి పొంగిపోయాను. పగలు ఆఫీసులో, రాత్రి ఇంట్లో గీశాను. ఏ బల్ల మీద గీశానో తెలుసా? నేను ఇంజనీరింగులో చేరినప్పుడు సెంట్రింగ్ చెక్కలతో నువ్వు చేసిచ్చిన బల్ల మీద. సిమెంటు మరకలు ఇంకా పోలేదు దానికి. కొత్త బల్ల కొనుక్కోమని అమ్మ పోరుతుంటే కూడా మార్చలేదు. దాని మీద గీసినదాంట్లో నువ్వు చేపలు చుట్టుకుంటావన్నమాట.

రంజాన్ గురించి అంత ఆవేశపడ్డావు. రెండో కాగితం చూశావా? అందులో రోజుకి ఆరు గంటలేనని, తెల్లవారుజామునే మొదలుపెట్టాలని స్పష్టంగా రాశాను. చదవకుండా తిట్టడం నీకు అలవాటే.

ఇక పది రోజుల సంగతి. మావయ్యా, సిమెంటు నీ కాలం నాటిది కాదు. పుస్తకాలు మారాయి, లెక్కలు మారాయి. నువ్వు మారలేదంతే. నాన్న పోయాక "చదువుకో, చదువుకో" అని నా వెంటపడింది నువ్వే. చదువుకున్నాక "నీకేం తెలుసు" అంటున్నదీ నువ్వే. ఏదో ఒకటి అను.

అత్తయ్య మోకాలు అలాగే ఉంది. రంజాన్‌కి ఎండు ఆప్రికాట్ పొరలు రెండు కట్టలు మహ్రూస్‌తో పంపుతున్నాం. అమ్మ పంపుతోంది. నేను కాదు.

తహానీ

---

కుసైర్
26 జూలై 1979, రంజాన్ మొదటి రోజు

అమ్మాయ్,

పండుగ నెల మీ ఇంట మంచిని తేవాలి. ఉపవాసం ఉన్నవాడు కోపగించుకోకూడదంటారు. ఇఫ్తార్ అయ్యేదాకా ఆగి, కడుపునిండా తిని మరీ రాస్తున్నాను.

నాకెందుకు చెప్పలేదు? మా అక్క కూతురు చార్టు గీసే ఇంజనీరయితే, ఆ సంగతి నాకు తెలియకుండా నేనొక గాడిద గురించి లోకమంతా అరవాలా? నలభైమంది ముందు తిట్టాను నిన్ను. ఇప్పుడా మాటలన్నీ ఏరుకుని మింగమంటావా?

రెండో కాగితం దొరికింది. వగీహ్ టీ గ్లాసు కింద. గుండ్రటి మరక పడింది కానీ చదవడానికి వస్తోంది. ఆరు గంటలని ఉంది. ఆ మాట వెనక్కి తీసుకున్నాను. మిగతావి తీసుకోలేదు.

విను. నీ ఉత్తరం చదివిన పొద్దున్నే గోడ మీది చార్టు పీకి తెచ్చి నా షెడ్డులో మంచం పైన కొట్టుకున్నాను. పనివాళ్ళందర్నీ పిలిచాను. "ఇదిగో, ఇది నా మేనకోడలు గీసింది. ఇంజనీరు తహానీ. దీనికి వ్యతిరేకంగా ఎవడైనా నోరెత్తాడో, తట్ట దించి నడవచ్చు" అన్నాను. వడ్రంగి సాబిర్ నవ్వాడు. "మేస్త్రీ, నిన్నటిదాకా గాడిద కదా?" అన్నాడు. వాణ్ణి ఆ రోజంతా మేకులు ఏరించాను.

నా బతుకులో చార్టు ప్రకారం పని చెయ్యలేదు. ఈసారి చేస్తాను. తారీఖు తారీఖుకీ చేస్తాను. బయ్యూమీ మేనకోడలి కాగితం గోడకి వేలాడే బొమ్మని ఒక్కడు కూడా అనకూడదు.

ఒక్కటే అడుగుతాను. పది రోజులన్నావు. ఆ లెక్క నువ్వు స్వయంగా కట్టావా? అవును, కాదు. ఒక్క మాట చాలు. అవునంటే ఇంక నేను మాట్లాడను.

ఆప్రికాట్ పొరలు అందాయి. ఎవరు పంపినా తియ్యగానే ఉన్నాయి.

బయ్యూమీ

---

ఇంబాబా, కైరో
2 ఆగస్టు 1979

గౌరవనీయులైన బయ్యూమీ మేస్త్రీ గారికి,

ఇకమీదట ఇలాగే పిలుస్తాను. మామా మేనకోడళ్ళ ముచ్చట్లు చాలు.

నిన్న మీటింగులో రవూఫ్ బే మీ సైటు నుంచి వచ్చిన రిపోర్టు పైకి చదివాడు. "ఈ చార్టు గీసింది గాడిద అని మేస్త్రీ అంటున్నాడు" అని అందులో ఉంది. అక్షరాలా అదే మాట. గదంతా నవ్వింది. నా వెనక కూర్చునేవాడు చెవుల దగ్గర చేతులు పెట్టుకుని గాడిదలా ఆడించాడు. రవూఫ్ బే మొదటిసారి నేరుగా నా మొహంలోకి చూశాడు. అదీ నవ్వుతూ.

షెడ్డులో మంచం పైన కొట్టుకున్నానని, అందర్నీ పిలిచి పరిచయం చేశానని రాశావు. "తారీఖు తారీఖుకీ చేస్తాను" అన్నావు. నువ్వు ఎగతాళి చేస్తే నాకు తెలియదా? ముప్ఫై ఏళ్ళుగా ఏ చార్టూ చూడనివాడివి నా చార్టుకి దండం పెడతావా? ఇక్కడ నాకు, అక్కడ ఆఫీసుకి, రెండు రకాల ఉత్తరాలు రాస్తున్నావు.

లెక్క కట్టావా అని అడిగావు. ఏ మగ ఇంజనీరునైనా ఇలా అడిగావా ఎప్పుడైనా? సంతకం నాదైతే లెక్కా నాదే. ఇంకోసారి అడగకు.

పని గురించి ఏదున్నా వగీహ్ గారికే రాస్తాను. నీతో పని మాటలు లేవు.

నువ్వు ఉప్పు చేపలు తిని నీళ్ళు తక్కువ తాగుతావని, అది మానమని అమ్మ చెప్పమంది. చెప్పాను.

ఇంజనీరు తహానీ

---

కుసైర్
13 ఆగస్టు 1979, సోమవారం

ఇంజనీరు గారూ,

మీ ఆరోగ్యం కుశలమని నమ్ముతున్నాను. మీ ఆజ్ఞ ప్రకారం నేను మేస్త్రీనే.

ఆఫీసుకి నేను ఒక్క ముక్క రాయలేదు. రాయించలేదు. నేను అరిచిన రోజు వగీహ్ పక్కనే ఉన్నాడు, వాడి చేతిలో కలం ఉంది. నమ్మితే నమ్ము. నమ్మకపోతే నీ ఇష్టం. నా చేతుల్లో పెరిగినదానివి, నన్ను రెండు నాలుకల మనిషిని చేశావు. ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్పను.

చార్టు ప్రకారం నిన్న స్లాబ్ పోశాం. తెల్లవారక ముందు సహ్రీ తిని మొదలుపెట్టి, మధ్యాహ్నం నమాజుకి ముగించాం. పొట్టేలును కోశాం. ఉపవాసం కదా, మాంసం సాయంత్రానికి వండుకున్నారు. ఆ రక్తంలో చెయ్యి ముంచి హాలు పక్క వరసలో మధ్య స్తంభం మీద నా అరచెయ్యి అద్దాను, కింద తారీఖు రాశాను. నేను పోసిన ప్రతి పైకప్పు కిందా నా చెయ్యి ఉంటుంది. నీకు తెలుసు. ఇంబాబాలో మీ ఇంటి మెట్ల కింద కూడా ఉంది. చిన్నప్పుడు దాని మీద నీ చెయ్యి పెట్టి కొలుచుకునేదానివి.

సాబిర్ వచ్చి, "మేస్త్రీ, ఎప్పటిలాగే ఇరవై ఒకటి కదా?" అన్నాడు. "పది" అన్నాను. "కోపంలో అంటున్నావా, లెక్కలో అంటున్నావా?" అన్నాడు. "నా మేనకోడలు లెక్క కట్టింది. దానికి సంతకం పెట్టింది. నీకంటే ఎక్కువ చదివింది, నోరు ముయ్యి" అన్నాను.

కాబట్టి ఇరవై రెండు, బుధవారం పొద్దున కర్రలు తీస్తాను. పండుగకు రెండ్రోజుల ముందు. తీసేసి వాళ్ళని ఇళ్ళకి పంపేస్తాను. ఆఖరి కర్ర కొట్టేటప్పుడు ఎప్పట్లాగే అందర్నీ బయటికి పంపి, నేను హాలు నడుమ నిలబడతాను. పోసినవాడు కింద నిలబడాలి. మా గురువు దగ్గర నేర్చుకున్నది అదొక్కటే, వదలను.

ఎగతాళి అన్నావు కదా. వచ్చి చూడు ఎగతాళో కాదో.

మేస్త్రీ బయ్యూమీ

---

ఇంబాబా, కైరో
21 ఆగస్టు 1979, మంగళవారం

మావయ్యా! మావయ్యా!

తియ్యకు. ఒక్క కర్ర కూడా తియ్యకు.

మహ్రూస్ లారీ దారిలో చెడిపోయి నాలుగు రోజులు ఆగిందట. నీ ఉత్తరం ఇవాళ పొద్దున నా చేతికొచ్చింది. రేపు తీస్తానంటావు. నీకేమన్నా మతి పోయిందా? ఎవరు చెయ్యమన్నారు నిన్ను చార్టు ప్రకారం? ముప్ఫై ఏళ్ళు చెయ్యనివాడివి ఇప్పుడెందుకు చెయ్యాలి?

విను, చెబుతాను. నేను మొదట ఇరవై ఒకటే వేశాను. సెప్టెంబరు ఇరవై రెండున మంత్రిగారు బడి తెరవాలి. నా చార్టులో బడి అక్టోబరులో పూర్తవుతోంది. రవూఫ్ బే చార్టు నా మొహాన కొట్టాడు. "పదకొండు రోజులు తగ్గించి తీసుకురా" అన్నాడు. ఎక్కడ తగ్గించాలో తెలియలేదు. నా వెనక కూర్చునేవాడు వేలు పెట్టి చూపించాడు. "ఊతకర్రల గీత కోసెయ్. అది ఎవడూ చూడడు. చార్టు మంత్రిత్వశాఖ గోడకి. మేస్త్రీలు వాళ్ళ పద్ధతిలో వాళ్ళు చేస్తారు. అందరం అదే చేస్తాం" అన్నాడు. కోసేశాను. రబ్బరు పెట్టి తుడిచి, పది రోజుల దగ్గర ఆపేశాను. ఒక నిమిషం కూడా పట్టలేదు.

సైటులో ఉన్నది నువ్వు కాబట్టే కోశాను. ఇంకెవరైనా అయితే భయపడేదాన్ని. మా మావయ్య చూడడులే, చేపలు చుట్టుకుంటాడులే అనుకున్నాను. ఆ మాట నువ్వు నిజంగా రాస్తే మాత్రం ఒళ్ళు మండింది. లెక్క కట్టావా అని నువ్వడిగినప్పుడు, ఇంత చిన్న మాట, "కాదు" అని రాయాల్సింది. అప్పటికే గదంతా నన్ను చూసి నవ్వింది. నువ్వు కూడా నవ్వుతావనుకున్నాను.

పొద్దున ఎనిమిదింటికే తంతి ఇచ్చాను. తర్వాత టెలిఫోను ఆఫీసులో ఐదు గంటలు కూర్చున్నాను. కుసైర్ లైను దొరకలేదు. తంతి వగీహ్ పేరున ఇచ్చాను. నీ పేరున ఇవ్వలేదు. నీతో పని మాటలు లేవని రాశాను కదా, ఆ పౌరుషం ఇంకా చావలేదు నాలో. టెలిఫోను ఆఫీసు మెట్లు దిగుతుంటే అనిపించింది నీ పేరున ఇవ్వాల్సిందని. అప్పటికి రంజాన్ వేళలని తంతి కిటికీ మూసేశారు. వగీహ్ అక్కడే ఉంటాడు కదా. చదువుతాడు కదా. నీకు చెబుతాడు కదా.

ఈ ఉత్తరం చేరేసరికి నువ్వు నన్ను తిడుతూ ఉండాలి. ఎంతైనా తిట్టు.

నీ తహానీ

---

కెనా, ప్రభుత్వాసుపత్రి
30 ఆగస్టు 1979

తహానీ,

నీ తంతి అందింది. నా కాలు విరిగిన మర్నాడు.

వగీహ్ పండుగకని సోమవారమే కెనా వెళ్ళిపోయాడు. ఆయన పేరున వచ్చిన తంతిని ఎవరూ విప్పలేదు. ఇంజనీరు గారి తంతి మేస్త్రీ విప్పకూడదు కదా. వాచ్‌మన్ దాన్ని భద్రంగా బీరువా మీద పెట్టాడు. బుధవారం పొద్దున నేను ఆ బీరువాలోంచే సుత్తి తీసుకుని వెళ్ళాను.

ఏం జరిగిందో చెబుతాను, నువ్వు చదువు. చివర్ల నుంచి మొదలుపెట్టాం. సగం కర్రలు తీసేదాకా బాగానే ఉంది. నడుమకొచ్చేసరికి పైనుంచి సన్నగా ఇసుక రాలింది. ఎక్కడో టక్‌మంది. సాబిర్ మొహం చూశాను, వాడు నా మొహం చూశాడు. ఆ పది రోజుల్లో మూడు రోజులు నీళ్ళ ట్యాంకరు రాలేదు, స్లాబ్ ఎండకి ఎండింది. అది కూడా నాకు తెలుసు. అంతా తెలిసీ, "బయటికి నడవండి" అన్నాను. సాబిర్ కదల్లేదు. గెంటేశాను. నేనొక్కణ్ణే మిగిలాను. నడుమ నిలబడి, ఆఖరి వరసలో మొదటి కర్ర కొట్టాను. నడిమి భాగమంతా కిందికొచ్చింది. నేను స్తంభం వైపు దూకాను. ఎడమకాలు దూకలేదు. మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. నా చెయ్యి అద్దిన స్తంభం నిలబడే ఉందట. దాన్ని పట్టుకునే నన్ను బయటికి లాగారు.

కాలు పోతే పోయింది. ఇంకో నెలకి అక్కడ అరవైమంది ఆడపిల్లలు కూర్చునేవాళ్ళు. పడుకుంటే అదే కనిపిస్తోంది.

నిన్ను ఒక్కటే ఒక్కటి అడిగాను. అవునా, కాదా? నువ్వు ఆఫీసులో గీత కోశావు, దానికి నాకు కోపం లేదు. కుర్రతనం, భయం, ఆ రవూఫ్ బే మొహం. అవన్నీ నాకు అర్థమవుతాయి. కానీ నేనడిగితే కూడా అబద్ధం ఆడావు. నన్ను! నువ్వు "కాదు" అని ఉంటే ఆ చార్టు పక్కనే కూర్చుని ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఇరవై ఒకటి ఉంచేవాణ్ణి, మంత్రిని వచ్చే ఏడు రమ్మనేవాణ్ణి. నీ మాట మీద నేను నా ముప్ఫై ఏళ్ళు పక్కన పెట్టాను. నువ్వు నీ పౌరుషం ఒక్కపూట పక్కన పెట్టలేకపోయావు.

విచారణ కమిటీ వచ్చింది. పనివాళ్ళని పండుగకి పంపాలని నేనే సొంతంగా తీశానని చెప్పాను. వేలిముద్ర వేశాను, సంతకం కూడా పెట్టాను. షెడ్డులో చార్టుని సాబిర్‌తో కాల్పించాను. నీ పేరు ఎక్కడా రాలేదు, రాదు. సంతోషమా?

చూడ్డానికి రావద్దు. మీ అమ్మని కూడా పంపకు. వస్తే లేచి కొట్టలేను, అదొక బాధ.

బయ్యూమీ

---

ఇంబాబా, కైరో
20 సెప్టెంబరు 1979

మావయ్యా,

నీ కాలు ఎలా ఉందని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. ఎలా ఉంది?

అడిగాను కాబట్టి ఇక తిడతాను. ఎవరు చెప్పమన్నారు నిన్ను అలా? నీకు ఎవరిచ్చారు ఆ హక్కు? నేను చేసిన తప్పుని నువ్వు నీ సంతకంతో మోసుకుపోతావా? కాల్చేశావా నా చార్టుని? నేను ఆఫీసులో అడుగుపెట్టగానే రవూఫ్ బే తలుపు వేసి, "అదృష్టవంతురాలివి. మేస్త్రీ ఒప్పేసుకున్నాడు. కొత్త చార్టులో ఊతకర్రలకి ఇరవై ఒకటి వేసి ఫైల్లో పెట్టెయ్. పాతది ఎప్పుడూ లేదు" అన్నాడు. నన్ను కాపాడాననుకున్నావు కదా. నువ్వు కాపాడింది ఆయన్ని.

నా దగ్గర ఆ బల్ల మీద అసలు కాగితం ఉంది. రబ్బరుతో తుడిచిన చోట కాగితం పల్చబడింది, వెలుతురుకి పెడితే పాతగీత ఇరవై ఒకటి దాకా కనిపిస్తుంది. అది తీసుకుని కమిటీ దగ్గరికి వెళ్ళాను. ఎవరు ఏం చెప్పారో, నేను ఏం కోశానో, నువ్వు ఏం అడిగావో, నేను ఏం జవాబు రాశానో, అన్నీ రాసిచ్చాను. నీ ఉత్తరం కూడా చూపించాను. "అవును, కాదు, ఒక్క మాట చాలు" అన్న ఉత్తరం. దాన్ని కమిటీలో పెద్దాయన రెండుసార్లు చదివాడు. చదివి, కళ్ళజోడు తీసి, నాకు తిరిగిచ్చాడు.

నీ మీద కేసు తీసేశారు. నీ పని నీకుంది. నన్ను ప్రణాళికా విభాగం నుంచి తీసేసి ఫైళ్ళ గదికి పంపారు, ప్రమోషను ఆపారు. రవూఫ్ బేకి హెచ్చరిక వచ్చింది, కుర్చీ మాత్రం అక్కడే ఉంది. నా వెనక కూర్చునేవాడు నా బల్లకి మారాడు. చూశావా, లోకం ఇలా ఉంటుంది. నాకు ఇంకా మంటగానే ఉంది.

అమ్మ నాతో మాట్లాడ్డం లేదు. అన్నం పెట్టి వెళ్ళిపోతుంది. అత్తయ్య మాత్రం వచ్చి వీధి వినేలా తిట్టింది. తిట్టి, ఏడ్చి, నా తల నిమిరి, మళ్ళీ తిట్టి వెళ్ళింది.

కూలిన స్లాబ్ మళ్ళీ పోస్తారట. ఎవరూ అడగకపోయినా దానికి చార్టు గీశాను. ఫైళ్ళ గదిలో పని లేదు, కాగితం ఉంది. ఊతకర్రలు ఇరవై ఎనిమిది రోజులు. ఈసారి లెక్క నేనే కట్టాను. ట్యాంకరు రాని రోజుల్ని లెక్కలోంచి తీసెయ్యాలని కింద రాశాను. అంకెలన్నీ వెనకవైపు ఉన్నాయి, ఒక్కొక్కటీ సరిచూడు. తప్పుంటే గాడిదా అని రాయి.

మూలన సంతకం చదవగలిగేలా పెట్టాను.

తహానీ

---

కుసైర్
15 నవంబరు 1979

అమ్మాయ్,

ఇల్లంతా బాగుండాలి. చంకలో కర్రతో నడుస్తున్నాను. మొదటి నెల చంక వాచింది, ఇప్పుడు అలవాటు పడ్డాను. ఎడమకాలు పొట్టిది అయిందట, రెండు వేళ్ళంత. డాక్టరు బూటు కింద చెక్క వేయించుకోమన్నాడు. నేనే వేసుకున్నాను. సెంట్రింగ్ చెక్కే.

నువ్వు కమిటీకి వెళ్ళావని నీ ఉత్తరంలో చదివితే చాలా కోపం వచ్చింది. అంత కష్టపడి అబద్ధం చెబితే చెడగొట్టింది అనుకున్నాను. రెండు నెలలు నీకు రాయలేదు కదా, అందుకే. ఇప్పుడు రాస్తున్నానంటే కోపం పోయిందని కాదు. ఉంది. నీ మీద ఉంది, నా మీద కూడా ఉంది. చెవులారా టక్‌మన్న శబ్దం విని కూడా కర్ర కొట్టినవాణ్ణి నేనే కదా. అందులో తప్పు నాదీ అని ఇప్పటిదాకా నీతో అనలేదు.

నీ అంకెలు సరిచూశాను. సాబిర్ పక్కన కూర్చుని వేళ్ళు లెక్కపెట్టాడు. ఒక చోట కూడిక తప్పు. ఇరవై ఎనిమిదికి ఒక రోజు ఎక్కువే వస్తోంది. గాడిదా. ఇరవై తొమ్మిది ఉంచుతాను.

స్లాబ్ నవంబరు పదిన పోశాం. పొట్టేలును కోశాం. రోజూ నీళ్ళు కడుతున్నాం, ట్యాంకరు డ్రైవరుకి నన్ను చూస్తేనే భయం. ఆడపిల్లలు పాత బడిలో సాయంత్రం బడికి వెళ్తున్నారు. దారిలో మా గేటు దగ్గర ఆగి, "మేస్త్రీ బాబాయ్, ఎప్పుడు?" అని అడుగుతారు. వాళ్ళకి నీ తారీఖు చెప్పాను. డిసెంబరు తొమ్మిది.

ఇక అసలు సంగతి. ఈసారి నేను స్తంభం మీద చెయ్యి అద్దలేదు. పాత ముద్ర అలాగే ఉంది, దాని పక్కన జాగా వదిలాను. ఆఖరి కర్ర కొట్టేటప్పుడు నడుమ ఒకరు నిలబడాలి. నేను ఈ కాలుతో దూకలేను. సాబిర్ నిలబడతానన్నాడు. వద్దన్నాను. వాడు ఈ లెక్క కట్టలేదు.

ఆ చోటు ఖాళీగా ఉంది.

నీ మేనమామ
బయ్యూమీ

---

తంతి

కైరో, 22 నవంబరు 1979

మేస్త్రీ బయ్యూమీకి, కుసైర్.

కూడిక మళ్ళీ చేశాను, తప్పు నాదే, ఇరవై తొమ్మిదే. డిసెంబరు ఎనిమిదికి వస్తున్నాను. అమ్మ కూడా వస్తానంటోంది. నడుమ నేను నిలబడతాను, సుత్తి నాకివ్వు, నువ్వు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. నేను వచ్చేదాకా ఒక్క కర్ర కదపొద్దు.

తహానీ